గాలి దారిలో కడప ఎంత దూరం?

కర్నూలు పక్కన ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి కడప విమానాశ్రయానికి తిన్నగా గీత గీస్తే సుమారు 148 కిలోమీటర్లు. మన చిన్న ఊళ్లకు వచ్చే పంకాల విమానం, అదే ఏటీఆర్, పైకి లేచాక గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన 18 నిమిషాలు. ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం కలుపుకున్నా అరగంట, మహా అయితే ముప్పావుగంట. కంప్యూటర్‌ని అడిగితే చిటికెలో చెప్పేస్తుంది. ఇచ్చిన టీ తాగి కప్పు కింద పెట్టేలోగా కర్నూలు నుంచి కడప!

ఒక్కటే చిక్కు. ఆ విమానం లేదు.

ఉన్నవల్లా ఈ చివర ఒక విమానాశ్రయం, ఆ చివర ఒక విమానాశ్రయం. రెండింటి నుంచీ విమానాలు లేచాయి. బెంగళూరుకు పోయాయి, చెన్నైకి పోయాయి, విశాఖపట్నానికి పోయాయి. ఒకదాని నుంచి ఇంకొకదానికి మాత్రం పోలేదు. ఎదురెదురు ఇళ్లలో ఉంటూ పలకరించుకోని బంధువుల్లాగా.

కడపది పాత రన్‌వే. 1953లో కట్టారు. ఆ ఏడాదే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. రాజధాని అక్కడ, విమానం దిగే నేల ఇక్కడ. కొత్త హంగులతో ఆ కడప విమానాశ్రయం ప్రారంభమైంది 2015 జూన్ 7న. ఆ రోజు బెంగళూరుతో మొదలెట్టిన ఎయిర్ పెగాసస్ మరుసటి ఏడాదే రెక్కలు ముడిచింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకంలో దేశంలో తొలిరోజు ఎగిరిన దారుల్లో కడప-హైదరాబాద్ ఒకటి. గంట ప్రయాణానికి 2,500 రూపాయలే అని సగం సీట్లకు హద్దు పెట్టడంతో, విమానం అంటే తలెత్తి చూసేదే అనుకున్నవాళ్లు కూడా లోపలికెక్కి కూర్చున్నారు. ఆ దారిలో తిరిగిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోతే, మార్చిలో ఇండిగో వచ్చింది.

ఓర్వకల్లుది కొత్త కథ. 2021 మార్చి 25న ప్రారంభించారు. 28 నుంచి బెంగళూరు, విశాఖ, చెన్నైలకు విమానాలు మొదలయ్యాయి. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 1846లో కుంఫిణీ మీద తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కిన ఆయనే. ఇందులో నాకు నచ్చే సంగతి ఒకటుంది. ఆయన కాలంలో కోయిలకుంట్ల తాలూకా కడప జిల్లాలోది. ఆ తర్వాత కర్నూలులోకి పోయింది. 2022 నుంచి నంద్యాల జిల్లా. ఒక్క అడుగు కదలకుండా ఆ నేల మూడు జిల్లాలు తిరిగింది. మనం ఒక జిల్లా నుంచి పక్క జిల్లాకు పోవడానికి పడే అవస్థ చూస్తే నేలే నయమనిపిస్తుంది.

* * *

ఈ లెక్కలన్నీ నా చేత వేయించింది మా అక్క. ఆమె కర్నూలులో ఉంటుంది. నేను కడపలో. అమ్మ నా దగ్గరుంది. ఓర్వకల్లులో విమానాలు మొదలయ్యాయని టీవీలో చూసిన రోజు రాత్రి ఫోన్ చేసింది.

“ఒరే తమ్ముడూ, ఇంక మోకాళ్లు పట్టుకోని బస్సులో కూర్చునే పని లేదంటనే! కడపకు గూడా పోతాదంటనా ఆ ఇమానం?”

లేదక్కా అంటే నమ్మలేదు. “అంత దూరం ఇశాకపట్నం పోతాదంట. పక్కనుండే కడపకు పోదా?” అంది.

ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను. ఒకవేళ ఆ విమానం ఉందనే అనుకుందాం. అక్క ఇంటి నుంచి ఓర్వకల్లుకు ఆటోలోనో కారులోనో 20 కిలోమీటర్లు. అరగంట. విమానం టైముకు గంట ముందే లోపలుండాలి. గాలిలో ముప్పావుగంట. దిగి, సంచీ వచ్చేదాకా నిలబడి, బయటపడటానికి పావుగంట. కడప విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఇంకో పాతిక నిమిషాలు. మొత్తం దాదాపు మూడు గంటలు. అదే జాతీయ రహదారి మీద కారులో వస్తే మూడున్నర. రోడ్డు దూరం సుమారు 205 కిలోమీటర్లు. ఆదా అయ్యేది అరగంట.

అసలు తమాషా ఇంకోటుంది. ఓర్వకల్లు ఉండేది కర్నూలు నుంచి కడపకు వచ్చే దారిలోనే. విమానం ఎక్కడానికి పోతూనే కడప వైపు 20 కిలోమీటర్లు వచ్చేస్తాం. అక్కడ దిగి, బెల్టు విప్పి, చెప్పులు చూపించి, కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూసే గంటలో, ఆగకుండా పోయిన కారు పాణ్యం దాటి నంద్యాల చేరుతుంది.

పోనీ ఉన్న విమానాల్లో మారి వస్తేనో? కర్నూలు నుంచి బెంగళూరుకు తిన్నగా 283 కిలోమీటర్లు, అక్కడి నుంచి కడపకు 186. మొత్తం 469. పక్కింటికి పోవడానికి ఊరు చుట్టి వచ్చినట్టు. బెంగళూరులో ఎదురుచూపు సరేసరి. ఆ ఎదురుచూపులో కడప బస్సు వచ్చి, ప్రయాణికులను దింపి, మళ్లీ కర్నూలుకు తిరుగు దారి పట్టి ఉంటుంది.

అంత దగ్గరకు విమానాలు ఎక్కడా ఉండవా అంటే ఉన్నాయి. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు విమానం ఉంది. దూరం మూడు కిలోమీటర్లయినా లేదు. ప్రయాణం రెండు నిమిషాలు. గాలి కలిసొస్తే నిమిషం కూడా పట్టదు. 1967 నుంచి నడుస్తోంది. ప్రపంచంలో అతి చిన్న విమాన ప్రయాణం అదే. అక్కడ మధ్యలో సముద్రముంది. మనకు మధ్యలో సముద్రం లేదు. నంద్యాల వరిమళ్లున్నాయి, ఆళ్లగడ్డ ఉంది, చాగలమర్రి ఉంది, దువ్వూరు, మైదుకూరు ఉన్నాయి. కుడిచేతి పక్క కుందూ, ఎడమచేతి పక్క నల్లమల. అన్ని ఊళ్లున్నందుకే విమానం లేదు. బస్సులో కర్నూలు నుంచి కడప దాకా కూర్చునేవాళ్లు ఎంతమంది? సగం మంది పాణ్యంలో దిగుతారు. నంద్యాలలో ఎక్కినవాళ్లు ఆళ్లగడ్డలో దిగుతారు. దువ్వూరులో పసుపు రైతు ఎక్కి మైదుకూరులో దిగుతాడు. రోజూ 70 సీట్లు నింపి ఈ చివర నుంచి ఆ చివరకు ఎగిరే విమానానికి జనం ఎక్కడి నుంచి వస్తారు? నా కాగితం మీది లెక్క నాకే సమాధానం చెప్పేసింది.

అక్కకు అదంతా చెప్పాను. ఓపిగ్గా విని, “అయితే ఆ ఇమానం మనకు గాదు. మన పిల్లోళ్లకు” అంది.

* * *

మా ఊరు ఖాజీపేట దగ్గర ఒక పల్లె. మా నాయన కేసీ కాలువ మీద లస్కరు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్లు చూసుకోవడం, ఎవరైనా రాత్రిపూట గండి కొడితే పట్టుకోవడం ఆయన పని. కేసీ అంటే కర్నూలు-కడప. ఈ రెండు ఊళ్ల పేర్లు కలిపి పెట్టుకున్నది ఆ కాలువ ఒక్కటే. విమానానికి లేని ధైర్యం నీళ్లకుంది.

దాని చరిత్ర చెబితే ఇప్పటి విమాన సంస్థల కథలాగే ఉంటుంది. ఒక ఇంగ్లీషు ప్రైవేటు కంపెనీ 1863లో పని మొదలుపెట్టి 1870 ప్రాంతంలో ముగించింది. కర్నూలుకు ఎగువన తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట. అక్కడి నుంచి కడప దగ్గర కృష్ణరాజపురం దాకా 306 కిలోమీటర్లు. పొలాలకు నీళ్లు ఒక్కటే కాదు, సరుకులతో పడవలు తిప్పాలన్నది కూడా వాళ్ల ఆలోచన. పడవలు ఎక్కీ దిగడానికి లాకులు కట్టారు. కర్నూలు నుంచి కడపకు పడవలో రావచ్చన్నమాట! ఆశించిన లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. పడవల ముచ్చట తర్వాత తర్వాత వెనకబడింది. నీళ్లు మాత్రం మిగిలాయి.

ఆ నీళ్ల దారి చిత్రమైనది. తుంగభద్ర కృష్ణలో కలవాల్సిన నది. మధ్యనున్న ఎత్తును తవ్వి దాని నీళ్లను పెన్నా వైపు మళ్లించారు. అవి దారిలో కుందూలో కలుస్తాయి. రాజోలి ఆనకట్ట దగ్గర మళ్లీ కాలువలోకి తిరిగి మా జిల్లాలో అడుగుపెడతాయి.

అక్కను కర్నూలుకు ఇచ్చారు. వాళ్ల వీధి వెనకనే కాలువ. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. సుంకేసులలో నీళ్లు వదిలారని ఆఫీసు నుంచి కబురు రాగానే మా నాయన ఇంట్లో క్యాలెండర్ మీద పెన్సిలుతో గీత పెట్టేవాడు. రోజూ పొద్దున కాలువకు పోయి వచ్చి ఇంకో గీత. ఎనిమిది గీతలకో పది గీతలకో మా తూము దగ్గర నేల తడిసేది. పైన కోత ఎక్కువుంటే పదిహేను. కొన్నేళ్లు గీతలు పెట్టి పెట్టి మానేశాడు. చివరి భూముల బతుకంతే.

నీళ్లు వచ్చిన రోజు మాత్రం నన్ను వెంట తీసుకుపోయేవాడు. చెత్తనూ ఎండుటాకులనూ నెట్టుకుంటూ, మట్టిరంగు నురగతో మెల్లగా పాకుతూ వచ్చే ఆ మొదటి నీళ్లలో చెయ్యి పెట్టి అనేవాడు: “మీ యక్క ఇంటెనకాల పోయిన నీళ్లు రా ఇవి. ఇల్లిడిసి తొమ్మిది దినాలాయ.”

కర్నూలు-కడపల మధ్య దూరం అంటే నాకు మొదట తెలిసింది అదే. తొమ్మిది దినాలు.

* * *

నాయన పోయింది 1998లో, తెల్లవారుజామున. మా పల్లెలో ఫోన్ లేదు. ఎవరో సైకిల్ మీద ఖాజీపేటకు పోయి, ఎస్టీడీ బూత్ తెరిపించి, కర్నూలులో అక్కవాళ్ల ఇంటి పక్క కిరాణా అంగడికి ఫోన్ చేసి చెప్పేసరికి ఎనిమిదయింది. ఆమె బయలుదేరేసరికి పది. నంద్యాల దాకా ఒక బస్సు, మైదుకూరు దాకా ఇంకోటి, అక్కడి నుంచి దొరికిన జీపు. అప్పుడు రోడ్డు రెండు లారీలు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాల్సినంత.

ఇంటి ముందర జనం ఎండ తగ్గేదాకా ఆగారు. పొద్దు గూకక ముందే ఎత్తాలని పెద్దలు తొందర పెట్టారు. “ఆడబిడ్డ వస్తాంది, ఇంకో గడియ సూడండప్పా” అని అమ్మ అంటానే ఉంది. ఐదున్నరకు ఎత్తారు. మేం స్నానాలు చేసి తిరిగి వస్తుంటే ఊరి మొదట్లో జీపు దిగి పరుగెత్తుకొస్తున్న అక్క ఎదురైంది. తడిబట్టలతో ఉన్న నన్ను చూసి అక్కడే కూలబడింది.

ఎవరి తప్పూ లేదు. దూరం అంతే. కానీ ఆ రోజు నుంచీ మా ఇంట్లో కర్నూలు ఎన్ని కిలోమీటర్లు అని ఎవరూ అనలేదు. “అక్కకు ఎన్ని గంటలు పడతాది” అనే అన్నాం. ప్రయాణం పెళ్లికి వేరు, చావుకు వేరు. పెళ్లికి అరగంట ఆలస్యమైతే తాంబూలం దొరుకుతుంది.

రోడ్డు మారింది. పాత 18వ నంబరు రహదారి 40 అయింది, నాలుగు వరుసలయింది. నంద్యాల-ఎర్రగుంట్ల రైలుమార్గం మంజూరైన ఇరవై ఏళ్లకు, 2016 ఆగస్టులో పూర్తయి, బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా 123 కిలోమీటర్ల పట్టాలు కలిశాయి. కానీ అది నంద్యాల నుంచి. కర్నూలులో రైలెక్కాలంటే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కోసం అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. అది డోన్, గుత్తి, తాడిపత్రి చుట్టి తెల్లారగట్ల కడపలో దించుతుంది. కాబట్టి అక్కకు బస్సే గతి.

మా వీధిలో ఒకామె కువైట్‌లో ఇళ్లలో పనిచేసి వచ్చింది. మా వైపు ఆడవాళ్లు చాలామంది పోయారు కదా. చెన్నైలో విమానం ఎక్కితే ఐదు గంటల్లో కువైట్ అంటుంది. “నీ అక్క కర్నూలు నుంచి రావడానికీ అంతేనంట గదన్నా! ఆమెను గూడా కువైట్‌కు పంపీ. దగ్గరౌతాది” అని నవ్వింది ఒకసారి. నేనూ నవ్వాను. తర్వాత చాలాసేపు అదే ఆలోచించాను.

* * *

2018 వేసవిలో ఒకరోజు పొద్దున ఆరింటికి అమ్మ మంచం మీద నుంచి లేవలేకపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు కదల్లేదు. మాట ముద్దయింది. ఆస్పత్రికి చేర్చి ఇద్దరికి ఫోన్ చేశాను. కర్నూలులో అక్కకు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆమె కొడుక్కు.

అక్క ఏడున్నరకల్లా బస్టాండులో ఉంది. వచ్చిన మొదటి బస్సు ఎక్కింది. మా అల్లుడికి ఆ పూట కడప విమానంలో సీటు దొరికింది.

హైదరాబాద్ నుంచి కడపకు రోడ్డు మీదైతే 400 కిలోమీటర్ల పైమాట. కర్నూలు దాటుకునే రావాలి. గాలి దారిలో 304. వాడు గంటలో కడపలో దిగాడు. వాడు ఆస్పత్రి మెట్లెక్కుతుంటే అక్క ఇంకా చాగలమర్రి దగ్గరుంది. ఎండకు బస్సు కిటికీ రేకులు కాలుతున్నాయని ఫోన్లో చెప్పింది.

అక్క వచ్చేసరికి ఒంటిగంట కావొచ్చింది. సంచీ వాకిట్లోనే వదిలేసి లోపలికొచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అవ్వ చెయ్యి పట్టుకున్న కొడుకును చూసి ఆగిపోయింది.

“నువ్వెప్పుడొచ్చినావురా?”

“గంటన్నరాయ మా.”

“యాడ దాటినావు నన్ను?”

వాడు ఏం చెప్పాలో తెలియక చేత్తో పైకి చూపించాడు.

తర్వాత నేను పటం మీద చూశాను. హైదరాబాద్ నుంచి కడపకు గీసిన గీత నంద్యాలకు కాస్త తూర్పుగా, నల్లమల అంచు మీద నుంచి పోతుంది. ఆ సమయానికి అక్క బస్సు నంద్యాల దాటి ఆళ్లగడ్డ రోడ్డు మీద ఉండి ఉంటుంది. కొడుకు తల్లిని దాటింది అక్కడే ఎక్కడో, ఇరవై కిలోమీటర్లు పక్కగా, కొన్ని వేల అడుగులు పైన. ఇద్దరూ ఒకే మనిషి కోసం పోతున్నారు. దగ్గర నుంచి బయలుదేరిన మనిషి వెనక వచ్చింది. దూరం నుంచి బయలుదేరినవాడు ముందు వచ్చాడు.

అమ్మకు డాక్టర్లు చేయాల్సింది చేశారు. మూడు వారాలకు మాట తిరిగింది. కాలు ఈడుస్తూ అయినా నడిచింది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. కాబట్టి ఇదంతా నవ్వుతూనే చెప్పుకుంటాం. “కొడుకు నెత్తిమింద ఎగిరిపోయినాడు” అని అక్క ఇప్పటికీ అంటుంది. కానీ నవ్వులో సన్నగా ఒక ముల్లుంది. 1998లో ఆలస్యమైన మనిషే 2018లోనూ ఆలస్యమైంది. ఈ 20 ఏళ్లలో దేశం ఎంతో వేగం పుంజుకుంది. ఆ వేగం ఆమె పక్క నుంచి, పై నుంచి పోయింది.

విమానాశ్రయాల మీద నాకు కోపం లేదు. అల్లుడు గంటలో రాగలిగాడంటే విమానం వల్లే. ఎడమ చెయ్యి ఆడనప్పుడు అమ్మ కుడి చేత్తో వాడి ముఖం తడిమింది. ఆ గంట విలువ నేను కాదనలేను. మన పిల్లలు చదివి, మన ఊళ్లలో పని లేక, పెద్ద నగరాలకు పోయారు. వాళ్లను తీసుకుపోవడానికీ మళ్లీ తీసుకురావడానికీ ఈ రెండు రన్‌వేలు పనికొస్తున్నాయి. మంచిదే. కానీ దగ్గర, దూరం అనేవి పటం మీద లేవని మాత్రం నాకు అర్థమైంది. ఎవరి ప్రయాణం కోసం దారి వేస్తారో వాళ్లకు దగ్గరవుతుంది. మిగతావాళ్లకు పక్క ఊరు కూడా దూరమే. కర్నూలుకు హైదరాబాద్ దగ్గర, బెంగళూరు దగ్గర. కడపకు చెన్నై దగ్గర. కర్నూలుకు కడప?

ఈ రెండు ఊళ్ల పేర్లే చూడండి. రెండూ ప్రయాణం లోంచి పుట్టినవే అంటారు. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లవాళ్లు తుంగభద్ర దాటే ముందు ఆగి ఇరుసులకు కందెన వేసుకున్న చోటు కందెనవోలు, అదే కర్నూలయిందట. తిరుపతి కొండకు పోయేవాళ్లు దాటాల్సిన గడప కడప అయిందట. ఒకటి బండికి కందెన పెట్టుకునే చోటు, ఒకటి గడప. రెండూ ఎవరో ఎక్కడికో పోయే దారిలోని మజిలీలే. మన ఊళ్లు మొదటి నుంచీ ఇతరుల ప్రయాణాలకు పనికొస్తూనే ఉన్నాయి.

అక్కకు విమానం అక్కర్లేదు. ఆమె అడిగేది చిన్నవి. మోకాలు చాపుకోవడానికి కాస్త చోటున్న బస్సు. నడిమధ్యలో ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి. కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు పగటిపూట కూర్చుని పోయే రైలు. ఇవేవీ 148 కిలోమీటర్లను 18 నిమిషాలు చేయవు. కానీ ఐదు గంటలను నాలుగు చేస్తాయి. ఆ ఒక్క గంటే, ఒక్కోసారి, ముఖం చూడటానికీ చూడలేకపోవడానికీ మధ్యనున్న గంట.

* * *

అమ్మకు ఇప్పుడు 86. నాయన క్యాలెండర్ అలవాటు ఆమెకు వచ్చింది. సుంకేసుల నుంచి నీళ్లు వదిలితే పేపర్లో వచ్చేలోపే అక్క ఫోన్ చేస్తుంది. “కాలవకు నీళ్లొచ్చినాయి మా. మురుగంతా కొట్టకపోతాంది.” అమ్మ ఫోన్ పెట్టేసి వేలి కణుపులు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఒకటి, రెండు, మూడు. మధ్యలో మరిచిపోతే నన్ను అడుగుతుంది.

పోయిన ఏడాది పదకొండో రోజున నన్ను కారు తీయమంది. ఊరి బయట కాలువ చివర దాకా పోయాం. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నీళ్లు వచ్చాయి. ఎక్కువేం కాదు, చీలమండ లోతు. అమ్మ కర్ర చివరను నీళ్లలో పెట్టి కాసేపు కదిలించింది. తర్వాత నా ఫోన్ అడిగి తీసుకుంది.

“వచ్చినాయిలే. నువ్వెప్పుడొస్తావు?” అంది.

దసరాకు వస్తానంది అక్క. ఎట్లొస్తావంటే, “ఎట్లొస్తా, బస్సులోనే” అంది. పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే మధ్యాన్నం అన్నం వేళకు దిగొచ్చని, ఆ పూటకు కొర్రన్నం వండి పెట్టమని చెప్పి ఫోన్ పెట్టేసింది.